మజిల్‌లోడర్‌తో తెల్లతోక జింక వేట: మందు దట్టించడం నుంచి తుపాకి కడగడం దాకా

అమెరికాలో స్థిరపడి వేట నేర్చుకుంటున్న మనవాళ్లు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: మజిల్‌లోడర్‌తో జింకను వేటాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, దేని తర్వాత ఏది చేయాలి? గొట్టం మూతి నుంచి మందు పోసి, తూటా దట్టించి పేల్చే తుపాకి ఇది. మన్యంలో నాటు తుపాకి చూసినవారికి పద్ధతి కొత్తగా అనిపించదు. మీ చేతిలో ఉండేది ఒక్క దెబ్బ. కొత్తవాళ్ల విషయంలో ఆ దెబ్బ గురి తప్పి పోవడం కన్నా పేలకుండా పోవడమే ఎక్కువ. కారణం దాదాపు ప్రతిసారీ గొట్టంలో మిగిలిన నూనె, లేదా మందుకు తగిలిన చెమ్మ. అందుకే తుపాకిని పొడిగా ఉంచడం, ప్రతిసారీ ఒకే తీరులో దట్టించడం గురించే ఎక్కువగా చెబుతాను.

ఉదాహరణకు పెన్సిల్వేనియా అక్టోబరు సీజనును, .50 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అరంగుళం) ఇన్‌లైన్ తుపాకిని, అంటే ప్రైమర్ సరిగ్గా మందు వెనకే ఉండే రకాన్ని, 209 ప్రైమర్‌ను, అంటే మందుకు నిప్పంటించే చిన్న గుళికను తీసుకున్నాను. మీ రాష్ట్రం వేరైతే నిబంధనలు మారతాయి, తుపాకి లక్షణం మారదు.

ఒక హెచ్చరిక. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక వేట నేరం. ఇక్కడ రాసినదేదీ ఆంధ్ర, తెలంగాణ అడవులకు వర్తించదు.

## 1. తుపాకి కొనేముందు కాగితాలు

మొదట వేటగాళ్ల శిక్షణ కోర్సు పూర్తి చేయాలి. పెన్సిల్వేనియాలో తొలిసారి లైసెన్సు తీసుకునేవారికి ఇది తప్పనిసరి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారందరికీ, కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి పుట్టినవారందరికీ అవసరం.

పెన్సిల్వేనియా అక్టోబరు సీజను కొమ్ముల్లేని జింకలకు మాత్రమే. అందుకు సాధారణ వేట లైసెన్సుతో పాటు మజిల్‌లోడర్ లైసెన్సు, మీరు వేటాడే ప్రాంతానికి చెందిన కొమ్ముల్లేని జింకల లైసెన్సు ఉండాలి. మూడింట్లో ఒకటి మరిచిపోయి అడవికి వెళ్లేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

వీసా మీద ఉన్నవారు ఈ పేరా రెండుసార్లు చదవండి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాలపై వచ్చినవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు దానికి ఒక మినహాయింపు. లైసెన్సు గడువు తీరితే మినహాయింపూ తీరుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. చాలా మజిల్‌లోడర్లను సమాఖ్య చట్టం ‘పురాతన తుపాకి’గా పరిగణించి మామూలు తుపాకుల లెక్కలోంచి తప్పిస్తుంది. అయితే గొట్టం మార్చి మామూలు తూటాలు పేల్చగలిగే నమూనాలకు ఆ వెసులుబాటు లేదు, పైగా రాష్ట్రాల నిర్వచనాలు వేరు. దుకాణంలో అమ్మేవాడి మాట మీద ఆధారపడకండి. ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని ఒక్కసారి అడిగి కొనండి.

మీ రాష్ట్రపు నిబంధనల పుస్తకంలో చూడాల్సినవి:

- మందును అంటించే ఏ పద్ధతికి అనుమతి? క్రిస్మస్ తర్వాత మొదలయ్యే పెన్సిల్వేనియా సీజనులో చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాక్ తప్ప వేరేది చెల్లదు.
- టెలిస్కోప్ పెట్టుకోవచ్చా? పెన్సిల్వేనియా అక్టోబరులో పెట్టుకోవచ్చు, కొలరాడో మజిల్‌లోడర్ సీజనులో కుదరదు.
- మందు బిళ్లలు, ప్లాస్టిక్ తొడుగు తూటాలు వాడవచ్చా? కొలరాడో ఆ రెంటినీ నిషేధించింది.
- నారింజ రంగు దుస్తులు ఎంత మేర? పెన్సిల్వేనియాలో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు. కొలరాడోలో 500.
- ఏ సమయాల్లో పేల్చవచ్చు? బండిలో తుపాకిని ఏ స్థితిలో ఉంచితే ‘ఖాళీ’ అంటారు?

## 2. మందు, తూటా, ప్రైమర్ ఎంపిక

మొదటి తుపాకిగా .50 ఇన్‌లైన్ తీసుకోండి. గొట్టం వెనక చివరను మూసే మర బిరడాను, అంటే బ్రీచ్ ప్లగ్‌ను, చేత్తోనో చిన్న పానాతోనో విప్పగలిగే నమూనా కావాలి. కడగడానికి సులువు. పేలని మందును బయటికి తీయాల్సి వచ్చినప్పుడు దాని విలువ మరింత తెలుస్తుంది.

మందు. అసలైన నల్లమందు కాక, దానికి బదులుగా తయారైన పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 వంటివి ఎక్కువగా దొరుకుతాయి. నల్లమందు, పైరోడెక్స్‌ల మసి గాలిలోని తేమను లాక్కుని ఇనుమును తినేస్తుంది. ట్రిపుల్ సెవెన్‌కు శక్తి ఎక్కువ. పొడి రూపంలో వాడితే నల్లమందు కొలతకన్నా 15 శాతం తగ్గించమని తయారీదారు సూచన. బ్లాక్‌హార్న్ శుభ్రంగా మండుతుంది. కానీ దానికి 209 ప్రైమర్, తగిన బ్రీచ్ ప్లగ్ రెండూ ఉండాలి.

మామూలు తూటాల్లో వాడే పొగరాని మందును ఇందులో పొరపాటున కూడా పోయకూడదు. దానికోసమే ప్రత్యేకంగా తయారై, ఆ విషయం తయారీదారే రాసిచ్చిన తుపాకులు వేరు. మామూలు మజిల్‌లోడర్‌లో పోస్తే గొట్టం మీ చేతుల్లో పగులుతుంది.

కొలత. మందును ఘనపరిమాణంలో కొలుస్తారు, తూకంలో కాదు. కొలగొట్టం మీద ఉన్న గ్రెయిన్ల (చిన్న తూకపు ప్రమాణం) గీతలు నల్లమందును బట్టి పెట్టినవి. వంటింటి తక్కెడో తూటాల తక్కెడో తెచ్చి తూచకండి. .50 ఇన్‌లైన్‌లో జింకకు 80 నుంచి 100 గ్రెయిన్ల మధ్య కొలత సాధారణం. గరిష్ఠ హద్దు మాత్రం మీ తుపాకితో వచ్చిన పుస్తకం చెప్పినదే.

బిళ్లలు. కొలిచే పని లేకుండా 50 గ్రెయిన్ల బిళ్లలు వస్తాయి. పైరోడెక్స్ బిళ్లకు ఒక చివర నల్లటి పూత ఉంటుంది, అది ప్రైమర్ వైపు ఉండాలి. తలకిందులైతే మందు ఆలస్యంగా అంటుకుంటుంది, ఒక్కోసారి అంటుకోనే అంటుకోదు. నా ఓటు మాత్రం పొడి మందుకే. మీ తుపాకికి నప్పే కొలతను ఐదేసి గ్రెయిన్లు పెంచుతూ తగ్గిస్తూ పట్టుకోవచ్చు.

తూటా. ప్లాస్టిక్ తొడుగులో కూర్చిన 250 గ్రెయిన్ల తూటాతో మొదలుపెట్టండి. రెండు రకాలు కొని, ఏది ఒకేచోట పడుతుందో తుపాకినే తేల్చనివ్వండి.

కొనాల్సినవి:

- కొలగొట్టం, ముందే కొలిచిన మందు పోసి ఉంచుకునే బిగుతు మూత గొట్టాలు
- తూటాను మూతిలోకి దించే పొట్టి కడ్డీ
- 209 ప్రైమర్లు, వాటిని పట్టి తీసే చిన్న పరికరం
- బ్రీచ్ ప్లగ్ రంధ్రానికి సరిపోయే సన్నటి ఊచ
- నూలు గుడ్డముక్కలు, కడిగే ద్రవం, బ్రీచ్ ప్లగ్ మరలకు గ్రీజు
- కళ్లద్దాలు, చెవి మూతలు

## 3. కడ్డీ మీద రెండు గీతలు

దట్టించే కడ్డీని ఖాళీ గొట్టంలోకి పూర్తిగా దించి, మూతి దగ్గర కడ్డీ మీద చెరగని ఇంకుతో గీత పెట్టండి. తర్వాత మీరు వేటలో వాడబోయే మందు, తూటా దట్టించి, మళ్లీ మూతి దగ్గర రెండో గీత పెట్టండి.

మొదటి గీత సరిగ్గా మూతి దగ్గర నిలిస్తే తుపాకి ఖాళీ. రెండోది మూతి దగ్గర నిలిస్తే సరిగ్గా దట్టించి ఉంది. రెండో గీత మూతికి ఎగువన నిలిస్తే రెండు కారణాలు ఉండవచ్చు: తూటా మందు దాకా దిగలేదు, లేదా లోపల ఇప్పటికే ఒక దెబ్బకు సరిపడా సరుకుంది. రెండూ ప్రాణాంతకమే. మందుకూ తూటాకూ మధ్య ఖాళీ ఉండగా పేలిస్తే గొట్టం ఉబ్బిపోవచ్చు, చీలిపోవచ్చు.

మందు మార్చినా తూటా మార్చినా రెండో గీత మళ్లీ పెట్టుకోవాలి.

## 4. దట్టించే వరుస

మొత్తం వ్యవహారానికి ఇదే కీలకం. ఇంట్లో మందు లేకుండా వరుసను నోటికి వచ్చేదాకా సాధన చేయండి.

1. కడ్డీ దించి, ఖాళీ గీత మూతి దగ్గర నిలుస్తోందో లేదో చూడండి. ప్రైమర్ లేదని నిర్ధారించుకోండి.

2. గొట్టంలోని నూనెను పొడి గుడ్డముక్కలతో తుడవండి. ముక్క తడి మరక లేకుండా వచ్చేదాకా ఆపవద్దు.

3. ఒక పొడి గుడ్డముక్కను కడ్డీతో గొట్టం అడుక్కి దించి, కడ్డీని బయటికి తీయకుండా అక్కడే ఉంచి, మూతిని భద్రమైన దిక్కుకు, ఎవరూ లేని నేల వైపు తిప్పి ఒక్క ప్రైమర్ పేల్చండి. గుడ్డ తీసి చూడండి. మధ్యలో నల్లగా కాలిన మచ్చ ఉంటే నిప్పు దారి తెరిచి ఉన్నట్టు. మచ్చ లేకపోతే రంధ్రంలో నూనె గానీ గ్రీజు గానీ అడ్డుపడింది. ఊచతో పొడిచి మళ్లీ చూడండి. ఈ ఒక్క పరీక్ష చేసినవారికి తెల్లవారుజామున మందు అంటుకోక ‘టిక్’ మనే శబ్దం చాలావరకు వినపడదు.

4. ఇంకో పొడి గుడ్డతో ప్రైమర్ మసి తుడిచేయండి.

5. మందు డబ్బాలోంచి కొలగొట్టంలోకి, అక్కడి నుంచి గొట్టంలోకి. డబ్బాను ఎప్పుడూ నేరుగా తుపాకి మూతికి వంచకండి. ముందటి దెబ్బ తాలూకు నిప్పురవ్వ లోపల ఉంటే డబ్బా అంతా మీ చేతిలోనే పేలుతుంది.

6. అరచేత్తో గొట్టం పక్కన రెండు మూడుసార్లు తట్టండి, మందు సర్దుకుంటుంది.

7. పొట్టి కడ్డీతో తూటాను మూతిలోకి దించి, పెద్ద కడ్డీతో ఒకే ఒరవడిలో కిందికి నెట్టండి. కడ్డీని పిడికిలితో కాకుండా వేళ్లతో, మూతికి జానెడు పైన పట్టుకుని కొద్దికొద్దిగా దించండి. ముఖం, ఛాతీ మూతికి ఎదురుగా ఉండకూడదు.

8. తూటా మందుకు ఆనగానే ప్రతిసారీ అంతే బలంతో ఒక్కసారి నొక్కి ఆపండి. కడ్డీని ఎగరేసి దంచకండి. బిళ్లలు నలిగిపోతాయి, తూటా ముక్కు చెదురుతుంది, గురి చెడుతుంది.

9. రెండో గీత చూడండి.

10. మూతికి పలచని టేపు ముక్క అతికించండి. వాన, మంచు, ఆకుల చెత్త లోపలికి పోవు. పేల్చేటప్పుడు టేపు తీయనవసరం లేదు. తూటా ముందు తోసుకొచ్చే గాలే దాన్ని ఎగరగొడుతుంది.

11. ప్రైమర్ పెట్టేది వేటాడే చోట కూర్చున్న తర్వాతే.

## 5. గురి కుదుర్చుకోవడం

సీజనుకు నెల ముందే పేల్చే మైదానానికి వెళ్లండి. మొదట 25 గజాల్లో కాగితం మీద పడేలా చూసుకుని, తర్వాత 100 గజాలకు మారండి.

ప్రతి దెబ్బ తర్వాత ఒక తడి గుడ్డ, రెండు పొడి గుడ్డలు దింపి తుడవండి. విసుగు పుడుతుంది, నిజమే. కానీ అడవిలో మీరు పేల్చేది తుడిచిన గొట్టంతో, చల్లటి గొట్టంతో. వరసగా ఐదు దెబ్బలు పేల్చి, మసి పట్టిన వేడి గొట్టంతో కుదుర్చుకున్న గురి జింక ముందు పనికిరాదు. మధ్యమధ్య తుపాకిని నీడలో ఆరనివ్వండి.

తర్వాత 50, 75, 125 గజాల్లో కూడా పేల్చి, తూటా ఎంత ఎగువన లేదా దిగువన పడుతోందో రాసుకోండి. కూర్చుని, మోకాలి మీద ఆనించి కూడా పేల్చండి, అడవిలో బల్ల ఉండదు. భోజనప్లేటు మధ్యభాగమంత వలయంలో ప్రతి తూటా పడే దూరమే మీ హద్దు. అది 70 గజాలైతే 70 గజాలే. పెట్టె మీద 200 అని అచ్చేసిన అంకె తుపాకి సత్తాను చెబుతుంది, మీ చేతి సత్తాను కాదు.

## 6. అడవిలో

గాలి జింక వైపు నుంచి మీ వైపు వీచేలా చోటు ఎంచుకోండి. చెట్టు మంచె ఎక్కేవారు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ దిగేదాకా ఒళ్లంతా పట్టే బెల్టు కట్టుకునే ఉండాలి. తుపాకిని భుజాన వేసుకుని ఎక్కకండి. ప్రైమర్ తీసి, తాడు కట్టి, మూతి నేలవైపు ఉండేలా పైకి లాగండి.

వేటకు బయల్దేరేముందు తుపాకిని వెచ్చటి గదిలో ఉంచి చలిలోకి తేవడం, సాయంత్రం మళ్లీ వెచ్చటి గదికి చేర్చడం ఎప్పుడూ చేయకండి. చలిలో గడ్డకట్టిన ఇనుము గదిలోకి రాగానే లోపలా బయటా నీటిబొట్లు పడతాయి, మందు తడిసిపోతుంది. దట్టించిన మందును రాత్రంతా అలాగే ఉంచే అలవాటు చాలామందికి ఉంది. నేను సమర్థించను. రోజు ముగియగానే భద్రమైన చోట మెత్తటి మట్టిలోకి పేల్చేయడమో, బ్రీచ్ ప్లగ్ విప్పి తోసేయడమో మేలు. ఒక్క తూటా ఖరీదుకు వెనకాడితే రేపటి జింక పోతుంది.

జింక కనిపించాక:

- కొమ్ములున్నాయో లేవో, వెనక మరో జింక ఉందో లేదో, తూటా దాటిపోతే తగిలేది ఏమిటో చూడండి.
- పక్కకు నిలబడినప్పుడు, లేదా కాస్త అవతలికి తిరిగి ఉన్నప్పుడు మాత్రమే పేల్చండి.
- గురి ముందరి కాలికి సరిగ్గా వెనక, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు. ఊపిరితిత్తులు, గుండె ఉండేది అక్కడే.
- ఎదురుగా చూస్తున్నా, నేరుగా వెనక్కి తిరిగి ఉన్నా వదిలేయండి.

పేలగానే తెల్లటి పొగ తెరలా లేచి జింకను మూసేస్తుంది. గాలి లేని ఉదయం అది అక్కడే వేలాడుతుంది. వెంటనే తల వంచి పొగ కింది నుంచి చూడండి. జింక నిలబడిన చోటికి ఒక చెట్టునో బండనో గుర్తు పెట్టుకోండి, ఏ దిక్కుకు పరుగెత్తిందో చెవులతో కూడా వినండి.

ఆ తర్వాత చేయాల్సిన మొదటి పని కిందికి దిగడం కాదు. ఉన్నచోటే ఉండి మళ్లీ దట్టించాలి. గాయపడిన జింక దగ్గరికి ఖాళీ తుపాకితో వెళ్లడం కొత్తవాళ్లు తరచుగా చేసే తప్పు.

## 7. నెత్తుటి జాడ పట్టడం

కంగారు పడి వెంటపడితే పడుకోబోయే జింక లేచి మైలు దూరం పోతుంది. మొదట తగిలిన చోటికి వెళ్లి వెంట్రుకలు, నెత్తురు చూడండి.

- గులాబీ రంగు, నురగ: ఊపిరితిత్తులు. అరగంట ఆగి బయల్దేరండి.
- ముదురు ఎరుపు: కాలేయం కావచ్చు. కనీసం మూడు నాలుగు గంటలు ఆగాలి.
- ఆకుపచ్చ తునకలు, దుర్వాసన: పొట్ట. ఆరు గంటలైనా ఆగాలి. సాయంత్రమైతే, చలిగా ఉంటే ఉదయానికి వాయిదా వేయండి.

కనిపించిన ప్రతి చుక్క దగ్గర కాగితపు ముక్క గుచ్చుతూ వెళ్లండి. జాడ తప్పితే వెనక్కి తిరిగి ఆ వరుస చూస్తే దిక్కు తెలుస్తుంది. జాడ మీద నడవకండి, పక్కన నడవండి.

దొరికాక వెనక నుంచి వెళ్లి, కట్టెతో కంటిని తాకి చూడండి. కదలకపోతే తుపాకిలోంచి ప్రైమర్ తీసేయండి. పెన్సిల్వేనియాలో జింకను కదిలించకముందే ట్యాగు అనే వేట చీటీ నింపి చెవికి కట్టాలి, 10 రోజుల్లో వేట వివరం నమోదు చేయాలి. పేగులు అక్కడే తీసి, మాంసాన్ని 4 డిగ్రీల సెల్సియస్‌కు వీలైనంత త్వరగా చల్లబరచండి. జింకలను క్రమంగా శుష్కింపజేసి చంపే అంటువ్యాధి, అంటే సీడబ్ల్యూడీ ఉన్న ప్రాంతాల నుంచి తల, వెన్నెముక బయటికి తీసుకుపోకూడదు. పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక తినండి. వ్యాధి ఉన్నట్టు తేలిన మాంసం తినవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సలహా.

## 8. చిక్కులు, దారులు

ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు. తుపాకిని దించకండి. మూతిని భద్రమైన దిక్కుకే ఉంచి రెండు నిమిషాలు ఆగండి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. అప్పుడు ప్రైమర్ మార్చి మళ్లీ ప్రయత్నించండి.

రెండోసారీ పేలలేదు. మళ్లీ ఆగి, ప్రైమర్ తీసి, నిప్పు దారిని ఊచతో పొడవండి. ఇంకా పేలకపోతే మందు తడిసినట్టే. ప్రైమర్ లేదని మరోసారి చూసి, బ్రీచ్ ప్లగ్ విప్పి, కడ్డీతో తూటాను, మందును వెనక నుంచి బయటికి తోసేయండి.

మందు పోయకుండా తూటా దట్టించారు. ఇన్‌లైన్‌లో పైన చెప్పినట్టే ప్లగ్ విప్పి తోయడం. ప్లగ్ విప్పలేని తుపాకికి కార్బన్ డయాక్సైడ్‌తో తూటాను ఊదేసే పరికరం దొరుకుతుంది. సంచిలో ఉంచుకోండి.

తూటా సగంలో ఇరుక్కుంది. మసి గట్టిపడింది. బలవంతంగా దంచవద్దు, పేల్చవద్దు. ప్లగ్ విప్పి వెనక్కి తోసి, గొట్టం తుడిచి మొదటి నుంచి దట్టించండి.

దెబ్బలు చెల్లాచెదురుగా పడుతున్నాయి. మందు 10 గ్రెయిన్లు తగ్గించండి. ఎక్కువ మందు పోస్తే ఎక్కువ ప్రయోజనం అనుకోవడం చాలామంది భ్రమ. తర్వాత పడిపోయిన ప్లాస్టిక్ తొడుగులు ఏరి చూడండి. రేకులు చిరిగి ఉంటే ఆ తొడుగు మీ తుపాకికి నప్పలేదు.

## 9. అదే రోజు కడగండి

ఒక్క దెబ్బ పేల్చినా సరే, ఆ రాత్రే కడగాలి. నల్లమందు, పైరోడెక్స్ మసి ఒక్క రాత్రిలోనే గొట్టం లోపల తుప్పు మొదలుపెట్టగలదు.

1. తుపాకి ఖాళీ అని గీతతో చూసుకుని బ్రీచ్ ప్లగ్ విప్పండి.
2. నల్లమందు, పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ వాడితే వేడినీళ్లు, గిన్నెల సబ్బు చాలు. గొట్టం చివరను బకెట్‌లో ముంచి, కడ్డీకి గుడ్డ చుట్టి పైకీ కిందికీ ఆడించండి.
3. బ్లాక్‌హార్న్ మసికి నీళ్లు సరిపోవు, పెట్రోలియం ఆధారిత ద్రవం కావాలి.
4. గుడ్డ తెల్లగా వచ్చాక వేడినీళ్లతో ఒకసారి కడిగి, పూర్తిగా తుడవండి.
5. ప్లగ్‌ను విడిగా నానబెట్టి, రంధ్రం ఊచతో శుభ్రం చేసి, మరలకు గ్రీజు రాయండి. గ్రీజు లేకుండా బిగిస్తే సీజను చివర ఆ ప్లగ్ విప్పడానికి మెకానిక్ కావాలి.
6. గొట్టం లోపల పలచగా నూనె పట్టించండి.
7. మర్నాడు పొడి గుడ్డ దించి చూడండి. ముక్క గోధుమరంగులో వస్తే తుప్పు మొదలైనట్టే. మళ్లీ కడగండి.

మందును వచ్చిన డబ్బాలోనే, వేడికి, నిప్పుకు, పిల్లలకు దూరంగా తాళం వేసి ఉంచండి. వేరే రాష్ట్రానికి విమానంలో వెళ్తుంటే తుపాకిని తాళం వేసిన పెట్టెలో ప్రకటించి లగేజీలో పంపవచ్చు గానీ, నల్లమందును గానీ దాని ప్రత్యామ్నాయాలను గానీ చేతిసంచిలోనూ లగేజీలోనూ తీసుకెళ్లనివ్వరు. దిగిన ఊళ్లో కొనుక్కోవాలి. మీరు వాడే రకమే అక్కడ దొరుకుతుందో లేదో టికెట్టు కొనేముందే దుకాణానికి ఫోన్ చేసి కనుక్కోండి. కొత్త మందు దొరికితే కడ్డీ మీది రెండో గీత, గురి రెండూ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే.